కుట్టులోకి పోయే పావంగుళం

ఫిబ్రవరి నెల రెండవ శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. స్థలం: పుస్తకాలు బైండు చేసే దుకాణం పైన ఉన్న పొడవాటి గది. హాజరైనవారు: పురుళ్ళ వార్డులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరై, ఊరందరికీ పిన్ని అయిన నర్సు, కుట్టడం రాకపోయినా సూదిలోకి దారం ఎక్కించడంలో తనకు సాటి లేరని నమ్మే మాజీ పోస్టుమాస్టరు, పిన్ని పెంచిన ఆమె సొంత అక్క కూతురూ, వారానికి అయిదు రోజులు బడిలో లెక్కలు చెప్పే టీచరూ అయిన అమ్మాయి. ఆహ్వానం లేకుండా హాజరైనవాడు: ఒక చేతిలో గుడ్డల సంచీ, మరొక చేతిలో చుట్టిన కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడిన యువకుడు.

"బొంతలు కుట్టేది ఇక్కడేనా అండీ?"

"ఇక్కడే బాబూ. ముందు తలుపు వెయ్యి, ముక్కలు ఎగిరిపోతున్నాయి" అంది పిన్ని.

అతను తలుపు వేసి, బల్ల మీద ఉన్న గుడ్డముక్కలను మర్యాదగా ఒక పక్కకు జరిపి, కాగితం పరిచాడు. అందులో పన్నెండు వరుసలు, వరుసకు పన్నెండు గళ్ళు, ప్రతి గడిలోనూ రంగు పేరు, చుట్టూ బాణపు గుర్తులతో కొలతలు ఉన్నాయి. అతను ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగి. ఆ సంగతి చెప్పకముందే చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్న స్టీలు స్కేలు చెప్పేసింది.

"ఆర్డరు ఇద్దామని వచ్చానండీ. నలభై ఎనిమిది అంగుళాల చదరం. బిడ్డ బడికి వెళ్ళే వయసు దాకా పనికిరావాలి. గుడ్డలు ఉతికించి, ఇస్త్రీ చేయించి, రంగుల ప్రకారం విడదీసి తెచ్చాను."

లెక్కల టీచరు నోట్లో ఉన్న రెండు గుండుసూదులను తీసి, ఒకదాని తరువాత ఒకటి సూదుల దిండులో గుచ్చింది.

"ఆర్డర్లు తీసుకోం."

"మరి బయట అందరూ..."

"ఇక్కడ బొంత ఎవరి బిడ్డకో, ఆ బిడ్డ తరఫువాళ్ళు ఒకరైనా కూర్చుని కుట్టాలి. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా. మేం నేర్పుతాం, తోడు కుడతాం. కూర్చోలేనివాళ్ళకి షాపులున్నాయి."

"నేనా? కుట్టడమా? చొక్కా గుండీ ఊడితే చొక్కానే మార్చేసే మనిషినండీ నేను!"

ఆమె సంచీలోకి తొంగి చూసింది. "ఓహో. అందుకా ఇన్ని పోగయ్యాయి?"

పోస్టుమాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకునే మిషతో నవ్వుకున్నారు.

అతను వెళ్ళిపోవలసిన మనిషే. కాని వెళ్ళలేకపోయాడు. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో, తొమ్మిదేళ్ళు పెద్దదైన అక్క అతనికి జడ వేయడం తప్ప అన్నీ చేసింది. ఆ అక్క ఇప్పుడు పేరున్న లాయరు. ఇరవై ఎనిమిదేళ్ళలో తమ్ముణ్ణి ఏదీ అడిగి ఎరగని మనిషి, పోయిన వారం మొదటిసారి ఒకటి అడిగింది. "ఒరేయ్, నా బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే రోజున మనింటి గుడ్డలతో కుట్టిన బొంతలో రావాలి. ఎలా చేస్తావో నాకు తెలీదు, అది నీ పని" అంది. బిడ్డ రావలసింది ఏప్రిల్ చివరి వారంలో.

ఇదంతా అతను గది మధ్య నిలబడే చెప్పాడు. విన్నాక పిన్ని వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పది శనివారాలు. సరిపోతాయి. కూర్చో, స్కేలుబాబూ."

ఆ పేరు ఆ క్షణం నుంచే స్థిరపడిపోయింది.

లెక్కల టీచరు మాత్రం కాగితాన్నే చూస్తోంది. చాలాసేపు చూసి, పెన్సిలు అందుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"ముక్క ఒక్కొక్కటీ సరిగ్గా నాలుగంగుళాలు కత్తిరించమంటారా?"

"సరిగ్గా నాలుగే. వెంట్రుకవాసి తేడా కూడా ఉండకూడదండీ. మీరు కంటి లెక్కన కత్తిరిస్తారేమో, అది మాత్రం వద్దు. కావాలంటే స్కేలు ఇస్తాను."

"అక్కర్లేదు" అందామె తియ్యగా. "మీ కాగితంలో ఎలా ఉందో అలాగే కత్తిరిస్తాను."

ఆ పదింటిలో రెండవ శనివారం నాటికి నూట నలభై నాలుగు ముక్కలూ దొంతరగా సిద్ధమయ్యాయి. అక్క లా కాలేజీ నాటి గళ్ళ చొక్కా, వంటగది పాత కర్టెను, నాన్న ఆకుపచ్చ పైజమా, బావ క్రికెట్ ఆడే రోజుల తెల్ల ప్యాంటు, అన్నీ చదరాలైపోయాయి. స్కేలుబాబు మొదటి వరుస కుట్టి, పరీక్ష పేపరు ఇచ్చినట్టు రెండు చేతులతో అందించాడు.

"ఇది కుట్టా, రోడ్డా?"

"రోడ్డేమిటండీ?"

"గుంటలున్నాయి మరి. ఇక్కడ దారం కుంగింది, ఇక్కడ లేచింది. విప్పండి."

అతను విప్పాడు, కుట్టాడు, మళ్ళీ విప్పాడు. అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో స్కేలు పెట్టి చూసుకుంటూ, నాలుగు నుంచి ఆరుకు, ఆరు నుంచి ఏడుకు పెంచాడు. ఏడు దాటాలన్న ఉత్సాహంలో సూదిని వేలిలోకి దించేసుకున్నాడు. బావ గారి తెల్ల ప్యాంటు ముక్క మీద ఎర్రటి చుక్క పడింది.

"అయ్యో, మరక!" అన్నాడు, వేలు సంగతి మరిచిపోయి.

"నీళ్ళు పెట్టకండి!" టీచరు ఒక్క ఉదుటున లేచి వచ్చి, తెల్లదారం కాస్త తెంచి ఉండ చుట్టింది. "ఇది నోట్లో పెట్టుకుని నమలండి. బాగా తడిశాక మరక మీద అద్దండి. ఎవరి రక్తం వాళ్ళ ఉమ్మితోనే పోతుంది. నాది పనికిరాదు, మీరే నమలాలి."

అతను నమిలాడు. ఇంటి పునాది గురించి మునిసిపాలిటీ వారికి జవాబు చెబుతున్నంత గంభీరంగా, ఒక బుగ్గ ఉబ్బించుకుని, కళ్ళు మరక మీద నుంచి తిప్పకుండా నమిలాడు. మరక నిజంగానే పోయింది. దారపు ఉండ నోట్లో ఉంచుకునే "పోయిందండీ!" అన్నాడు. ఆ మాట మాత్రం అందులో సగమే బయటికి వచ్చింది.

టీచరుకు నవ్వు ఆగలేదు. బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వగా పిన్ని చూసి చాలా కాలమైంది. అందుకే పిన్ని ఆ నవ్వును కాక, నవ్వు ఆగిన తరువాత టీచరు కిటికీ వైపు తిరిగి కూర్చున్న తీరును గమనించింది.

నాలుగవ శనివారం వరుసలన్నీ ఒకదానికొకటి కలిశాయి. బొంత పైభాగాన్ని నేల మీద పరిచి, స్కేలుబాబు పండుగలాంటి ముఖంతో టేపు లాగాడు. ముఖం వాడిపోయింది. అడ్డంగా లాగాడు. మరింత వాడిపోయింది.

"నలభై రెండున్నర."

"అవునా?" అంది టీచరు.

"నలభై ఎనిమిది ఉండాలి కదండీ! ఇంట్లో అయిదున్నర అంగుళాలు ఇలా మాయమైతే తలుపు గోడలోకి తెరుచుకుంటుంది!"

"కుట్టులోకి పోయాయి" అందామె, టేపు చుడుతూ. "రెండు ముక్కలు కలిపి కుట్టినప్పుడు ప్రతి అంచు నుంచీ పావంగుళం లోపలికి పోతుంది కదా. నాలుగంగుళాల ముక్క పైకి కనిపించేది మూడున్నరే. నాలుగు కనిపించాలంటే నాలుగున్నర కత్తిరించాలి."

అతను తన కాగితాన్ని చూసుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "కాగితం మీద గీతకు మందం ఉండదు. గుడ్డకు ఉంటుందని... నాకు తట్టనే లేదు. తప్పు నాదేనండీ. మీ అందరి నాలుగు వారాల పనీ పాడుచేశాను."

ఆ మాటకు టీచరు నోరు తెరిచింది. ఆమె ఏదో చెప్పబోయిందని పోస్టుమాస్టరు గారు ఆ తరువాత రూఢిగా చెప్పారు. కాని బయట వాన మొదలైంది, ఆమె లేచి కిటికీ వేయడానికి వెళ్ళింది, తిరిగి వచ్చేసరికి చెప్పవలసిన మాట మారిపోయింది.

"ఏం పాడవలేదు. చుట్టూ మూడంగుళాల పట్టీ వేస్తే కొలత సరిపోతుంది. చిన్న చిన్న ముక్కలు అతికి వేద్దాం, తొంభై ఆరు ముక్కలు. రెండు శనివారాలు పడుతుంది."

"ఒకే గుడ్డ పట్టీ వేస్తే పోదా? గంట పని" అన్నారు పోస్టుమాస్టరు గారు.

"బాగుండదు" అంది టీచరు.

"అస్సలు బాగుండదు" అన్నాడు స్కేలుబాబు, అంతకంటె వేగంగా.

పిన్ని కళ్ళజోడు మీదుగా అక్క కూతుర్ని ఒకసారి, అతణ్ణి ఒకసారి చూసి, మాట్లాడకుండా ఉండడం కోసం దారం కొస నోట్లో పెట్టుకుంది.

ఆరవ శనివారం పట్టీ పూర్తయింది. బొంత పైభాగాన్ని ఇంట్లో ఇస్త్రీ చేసి తెస్తానని టీచరు మడిచి పట్టుకుంది. వాన. గొడుగు ఒక్కటే. బస్‌స్టాపు దాకా తోడు వస్తానన్నాడు అతను. తీరా వీధిలోకి దిగాక, మూట తడవకూడదన్న విషయంలో ఇద్దరికీ ఒకే అభిప్రాయం ఉండడం వల్ల, గొడుగు మూటకు, వాన ఇద్దరికీ అన్న ఏర్పాటు జరిగిపోయింది.

"మీ ప్లాన్లలో వానకి చోటుంటుందా?" అడిగింది, ముఖం మీది నీళ్ళు భుజంతో తుడుచుకుంటూ.

"ఉంటుందండీ. తూము అని రాస్తాం."

"అంతేనా? కిటికీ దగ్గర కూర్చుని చూడ్డానికి ఏమీ ఉండదా?"

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మీరడిగితే గీస్తాను." అని, ఒక్క క్షణం ఆగి, "అసలు నేను..." అన్నాడు.

బస్సు వచ్చింది. మనిషి నోటి చివర ఉన్న మాటను గుర్తుపట్టి ఆ సమయానికే రావడం బస్సులకు అలవాటు.

ఆ తరువాత పై గుడ్డకూ అడుగు గుడ్డకూ మధ్య పలుచగా దూది పరిచి, చెక్క చట్రానికి బిగించి, మధ్య నుంచి బయటికి కుట్టుకుంటూ వచ్చారు. ఎనిమిదవ శనివారం నాటికి గళ్ళన్నీ పూర్తయి, చుట్టూ ఉన్న పట్టీని దూదితో కలిపి కుట్టడం మాత్రం మిగిలింది. చేతిలో ఇంకా రెండు శనివారాలున్నాయి. ఎవరికీ తొందర లేదు, ఒక్కరికి తప్ప. ఆ ఒక్కరూ ఇంకా పుట్టలేదు.

మరుసటి గురువారం ఉదయం పదకొండు గంటలకు, డాక్టర్లు చెప్పిన తేదీకి మూడు వారాల ముందు, పుట్టేసింది.

సాయంత్రం స్కేలుబాబు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. గదిలో పిన్ని ఒక్కతే ఉంది.

"పిన్నిగారూ, మేనకోడలు! ఇద్దరూ బాగున్నారు!"

"మూడు వారాల ముందేనా! కడుపులో ఉండి కోర్టు వాయిదాలు విని విని విసిగిపోయుంటుంది, పిచ్చితల్లి."

అతను నవ్వాడు. నవ్వుతూనే చట్రం వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఆదివారం పొద్దున ఇంటికి పంపుతారట. బొంత అవుతుందా?"

"నాలుగు వైపులా పట్టీ కుట్టాలి, ఆపైన అంచు మడవాలి. ఈ పట్టీ అనేదే లేకపోతే పోయిన శనివారానికే చేతికొచ్చేది."

"అంతా నా వల్లేనండీ. పావంగుళం మర్చిపోయాను."

పిన్ని ఆనందంలో ఉంది, పైగా నాలుగు వారాలుగా మాట దాచుకుని అలిసిపోయి ఉంది. "నువ్వు మర్చిపోయావు సరే. పదకొండో ఏట నుంచి కత్తెర పట్టిన పిల్ల, పొద్దున లేస్తే పదిమందికి లెక్కలు చెప్పే పిల్ల, అది కూడా మర్చిపోయిందనుకున్నావా?" అనేసి, నాలుక కరుచుకుంది.

బడి నుంచి వచ్చిన టీచరు సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఉంది.

"మీకు తెలుసా?" అడిగాడతను. "మొదటి రోజే?"

"తెలుసు."

"నన్ను ఆట పట్టిస్తే పట్టించారు, నేనేమీ అనుకోను. కానీ మా అక్క ఇన్నేళ్ళలో నన్ను అడిగింది ఇదొక్కటే. అది కూడా మీకు తెలుసు."

"తెలుసు" అంది ఆమె మళ్ళీ, గుమ్మంలోనే నిలబడి.

"శనివారం ఎనిమిదింటికి వస్తాను. కుట్టడానికి."

ఆ చివరి మాటను అతను విడిగా, నొక్కి పలికాడు. వెళ్ళేటప్పుడు మెట్లు ఒక్కొక్కటిగా దిగాడు.

శనివారం ఉదయం ఎనిమిది గంటలకు చట్రం నాలుగు కుర్చీల మీద నిలిచింది. నాలుగు వైపులకు నలుగురు.

"నేనా!" అన్నారు పోస్టుమాస్టరు గారు. "నాది దారం డిపార్టుమెంటు కదమ్మా!"

"ఈ పూట బదిలీ" అంది పిన్ని. "కూర్చోండి. వంకర పోతే పోనివ్వండి, పిల్ల చూసేసరికి చిన్నతనం దాటిపోతుంది."

స్కేలుబాబూ లెక్కల టీచరూ చట్రానికి పక్కపక్కనున్న రెండు వైపుల దగ్గర కూర్చున్నారు. చెరో దూరపు కొస నుంచి మొదలుపెట్టారు. అంటే, కుట్టే కొద్దీ ఇద్దరూ ఒకే మూలకు చేరాలి. ఈ ఏర్పాటు పిన్నిది. దీనికి కారణం అడిగితే వెలుతురు అని చెప్పడానికి ఆమె సిద్ధంగా ఉంది. ఎవరూ అడగలేదు.

తొమ్మిదైంది, పదైంది. సూదులు దూదిలో దిగి లేస్తున్న చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. పోస్టుమాస్టరు గారు నాలుగంగుళాలు కుట్టి, లేచి నిలబడి, అన్ని వైపుల నుంచీ చూసుకుని, తన పనితనానికి తానే ఆశ్చర్యపడి మళ్ళీ కూర్చున్నారు. పన్నెండింటికి పిన్ని టీ తేవడానికి కిందికి వెళ్తూ, పని మధ్యలో ఉన్న ఆయన్ని కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

ఇద్దరి సూదుల మధ్యా జానెడు దూరం మిగిలింది.

"మొదటి రోజు ఒళ్ళు మండి కత్తిరించాను" అంది టీచరు, తల ఎత్తకుండా. "కంటి లెక్క వద్దన్నారు. స్కేలు ఇస్తానన్నారు. నాకు! సరే, కుట్టాక చూసుకుంటాడు, బుద్ధొస్తుంది అనుకున్నా. రెండో వారమే చెప్పేద్దామనుకున్నా."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు దారం నమిలారు."

అతని సూది ఆగింది.

"ఆ తరువాత చెప్పాలనిపించలేదు. చెప్తే మామూలు పట్టీ వేసి ఎనిమిది వారాల్లో ముగించేసేవాళ్ళం. అయిపోతే మీరు రారు. మీ అక్కగారికి వారాలు మిగిలే ఉన్నాయి కదా అని సరిపెట్టుకున్నాను. లెక్కల టీచర్ని అయ్యుండీ, పిల్లలు తేదీ చూసుకుని పుట్టరని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. మీ కోపం న్యాయమే."

"బొంత అయిపోయాక కూడా రమ్మని అడిగితే వచ్చేవాణ్ణి కదా."

"అడగడం చేతకాకే కదా తొంభై ఆరు ముక్కలన్నది!"

మొదట అతని భుజాలు కదిలాయి. తరువాత చట్రం కదిలింది. నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించి, ఆపుకోలేక, సూదిని గుడ్డలో గుచ్చి వదిలేశాడు.

"నేనూ ఒకటి చెప్పాలి. ఒకే గుడ్డ పట్టీ గంటలో అయిపోతుందని పోస్టుమాస్టరు గారు అన్నప్పుడు నాకూ అర్థమైంది. ఆఫీసులో ఎవరైనా అలా పని పెంచితే నేను ఊరుకోను. ఆ రోజు మీకంటే ముందు బాగుండదన్నది నేనే."

"నాకంటే తరువాత. నేనన్నాకే అన్నారు."

"సరే, తరువాత. తప్పులో సగం నాదే. బస్సు రాకపోయుంటే ఆ వానలోనే చెప్పేవాణ్ణి."

"ఏమని?"

"కిటికీ దగ్గర కూర్చోడానికి ఇద్దరికి చోటు గీస్తానని."

టీచరు సూది ముందుకు నడిచింది, అతనిది ఎదురు వచ్చింది, మూల దగ్గర రెండు దారాలూ కలిశాయి. రెంటినీ కలిపి ఆమే ముడి వేసింది. ముడి రెండుసార్లు జారింది, అందుచేత అతను దారం కొస పట్టుకోవలసి వచ్చింది, పట్టుకున్నవాడు వెంటనే వదలవలసిన అవసరం ఏమీ కనిపించలేదు.

కింద నుంచి పిన్ని గొంతు వినిపించింది. "టీ చల్లారిపోతోంది! నెమ్మదిగా రండి!"

సాయంత్రం అయిదున్నరకు అంచు మడిచి చివరి కుట్టు వేశారు. ఆదివారం ఉదయం పది గంటలకు ఆ పిల్ల నలభై ఎనిమిది అంగుళాల బొంతలో ముక్కు మాత్రం బయటపెట్టి ఇంటికి వచ్చింది, వెనకే బొంత కుట్టిన నలుగురూ వచ్చారు.

అక్క దిండుకు ఆనుకుని కూర్చుని, బొంతను వేళ్ళతో తడుముతూ ముక్కముక్కనూ గుర్తుపట్టింది. తన గళ్ళ చొక్కా దగ్గర చెయ్యి ఆగింది. "ఒరేయ్" అని తమ్ముడి చెవి పట్టుకుని మెలిపెట్టింది.

మంచం పక్కన నిలబడిన లెక్కల టీచరు గొంతు సవరించుకుంది. "మీతో ఒక సంగతి చెప్పాలండీ. ఈ బొంత దాదాపు ఆలస్యమయ్యేది. కారణం నేను." మొత్తం చెప్పేసింది. పావంగుళం, తొంభై ఆరు ముక్కలు, నమిలిన దారం, ఏదీ వదలలేదు. మధ్యలో స్కేలుబాబు "అక్కా, నా తప్పు కూడా..." అని రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ అక్క చెయ్యి చూపించి కూర్చోబెట్టింది.

విన్న తరువాత అక్క దిండు వదిలి నిటారుగా కూర్చుంది. ఆమె ముఖం చూసి పిన్ని కూడా కుర్చీలో సర్దుకుంది.

"అంటే, నువ్వు కావాలనే తప్పు కొలత కత్తిరించావు. వీడు కావాలనే పట్టీ పని పెంచాడు. పిన్నిగారు తెలిసీ దాచారు."

"నోట్లో దారం ఉందమ్మా" అంది పిన్ని.

"మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా వీడు కూర్చున్నాడా?"

"కూర్చున్నారు" అంది టీచరు. "ఒక్క శనివారం మానలేదు."

"గుండీ ఊడితే చొక్కా మార్చే మనిషి!" అక్క ముఖం విప్పారింది. "ఇంత మోసం నా వృత్తిలో చూడలేదు. ఇలాంటివి కోర్టుకు పోతే నలిగిపోతాయి, ఇంట్లోనే రాజీ కుదర్చాలి. ఒక తెల్లకాగితం ఇవ్వండి ఎవరైనా. పిల్లను పట్టుకో అమ్మా నువ్వు. అలా కాదు, తల కింద చెయ్యి పెట్టు. ఆఁ."

పిల్లను ఒళ్ళో పెట్టుకున్న టీచరు ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటోంది. అక్క వకీలు దస్తూరీతో రాసింది. రాసింది పైకి చదివింది.

"'మొదటి పక్షం వారు కుట్టులోకి పోయే పావంగుళం మరిచినట్లూ, రెండవ పక్షం వారు తెలిసీ చెప్పనట్లూ ఇరుపక్షాలూ ఒప్పుకోవడమైనది. నేటి నుంచి ఒకరి లెక్క ఒకరు సరిచూసుకుంటూ, తప్పు కనిపించిన రోజునే చెప్పుకుంటూ, ఒకే ఇంట్లో జీవించడానికి ఇరుపక్షాలూ సమ్మతించడమైనది.' అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

"చెప్పుకోవడం అంటే అరుచుకోవచ్చా?" అడిగింది రెండవ పక్షం.

"అరుచుకోవచ్చు. దాచుకోకూడదు."

"అయితే లేవు."

"నువ్వేరా?"

మొదటి పక్షం వారు కలం కోసం చెయ్యి చాచారు. అతను సంతకం చేశాక, ఒక చేత్తో పిల్లను పట్టుకునే టీచరు సంతకం చేసింది. పెంచిన తల్లి హోదాలో పిన్ని, మొదటి పక్షం అక్క హోదాలో అక్క, సాక్షి హోదాలో పోస్టుమాస్టరు గారు చేశారు. పోస్టుమాస్టరు గారు పాత అలవాటు కొద్దీ తేదీ కూడా వేశారు.

అక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గోటితో మడత నొక్కి, అల్మరాలో పిల్ల పుట్టిన కాగితాలు ఉంచిన కవరులోనే పెట్టి, తలుపు వేసింది.